అశ్రావ్య సంజీవని

మూలము: ప్లేబ్యాక్ ఎర్రర్. ఇంటర్నల్ డేటా స్ట్రీమ్ ఎర్రర్.

అవతారిక. లినక్సు డెస్క్‌టాపు మీద పాట మోగనప్పుడు తెర నడిమధ్య వెలిసే గద్య ఇది. రెండు వాక్యాలు, క్రియ ఒక్కటీ లేదు, ఎర్రర్లు మాత్రం రెండున్నాయి. ఇంత కట్టుదిట్టమైన రచనకు ఇప్పటిదాకా వ్యాఖ్యానం లేకపోవడం సాహిత్యలోకానికి లోటు. నెట్లో జవాబులున్నాయి, అవి వేరు. అడిగినవాడి చేతిలో అరడజను ఆజ్ఞలు పెట్టి "టెర్మినల్లో కొట్టుకో" అని తలుపేసుకునే రకం. పాత కంప్యూటర్లకు లినక్సు ఎక్కించి ప్రాణం పోసే కుర్రాళ్లు మా కాశీబుగ్గలోనూ ఉన్నారు. వాళ్లను ఏమీ అనను, వాళ్ల పుణ్యాన నా డబ్బా ఇంకా నడుస్తోంది. నా కోపమంతా మూలకర్త మీద. తెలిసీ చెప్పనివాడి గాంభీర్యం ఒకటుంటుంది, అది నాకు పడదు.

మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు సంజీవని రాస్తూ, ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకున్నాడు. ఆ మహానుభావుడు మాట మీద నిలబడ్డాడు. నేను అటువంటి ఒట్టేదీ పెట్టుకోవడం లేదు.

ప్రతిపదార్థము. సులభము. విద్యార్థులు పూరించుకోగలరు.

కర్తృవిచారము. ఎర్రర్, సరే. ఎవరు చేశారు? మూలంలో కర్త లేడు. "తప్పు జరిగిపోయింది" అనేవాడే తప్పు చేసినవాడని పంచాయతీల్లో కూర్చున్న ప్రతి పెద్దమనిషికీ తెలుసు. తప్పులు వాటంతటవి జరగవు, ఎవడో ఒకడు జరపాలి. అయినా వ్యాఖ్యాతగా మూలకారుణ్ణి గౌరవించాలి కాబట్టి, ఈ వాక్యం అపౌరుషేయమని ఒప్పుకుందాం.

వేదం అపౌరుషేయమన్నది మీమాంసకుల మాట. వాళ్ల తర్కం ముచ్చటగా ఉంటుంది. మాటలో దోషం ఎక్కణ్ణుంచి వస్తుంది? మాట్లాడే మనిషి నుంచి. వాడు పొరబడవచ్చు, మోసం చేయవచ్చు, నోరు తిరక్కపోవచ్చు. మాట్లాడినవాడే లేకపోతే దోషానికి ఇల్లెక్కడ? కాబట్టి వేదం నిర్దోషం. ఇప్పుడు మన మూలం చూడండి. పురుషుడు లేడు, దోషం మాత్రం ఉంది. మీమాంసాసూత్రాలు రాసిన జైమిని మహర్షికి కూడా తట్టని మూడో పక్షం ఇది.

మీమాంసకుల పేరెత్తాక శబ్దనిత్యత్వం దగ్గర ఆగకుండా పోవడం నా వల్ల కాదు. నైయాయికుడు శబ్దం పుడుతుంది, చస్తుంది అంటాడు. మీమాంసకుడు ససేమిరా అంటాడు. శబ్దం ఎప్పుడూ ఉంది. గాలీ నాలుకా దవడా దాన్ని పుట్టించవు, బయటపెడతాయంతే. చీకటిగదిలో కుండ ఉంది, దీపం తెస్తే కనపడింది, అంతమాత్రాన దీపం కుండను చేసినట్టా? ఈ వాదాన్ని నేను చదువుకునే రోజుల్లో నమ్మలేదు. మోగని పాట ముందు కూర్చున్నాక నమ్మాను. ఫైలుంది. పేరుంది. నిడివి అరగంట అని రాసి ఉంది. బరువు ఇంచుమించు 160 మెగాబైట్లు. పాట నిత్యం, నిశ్చలం, సంపూర్ణం. బయటపడటం లేదు, అదొక్కటే కొరత. నైయాయికుడు ఈ స్థితిలో ఒక్క నిమిషం బతకలేడు.

జైమిని సూత్రాలకు భాష్యం రాసినవాడు శబరస్వామి. ఆ పేరు ఆయనకెందుకు వచ్చిందో కథలున్నాయి, వాటి జోలికి పోను. శబర అంటే మా జిల్లావాడికి సవర గుర్తుకొస్తాడు, సవర అంటే గిడుగు వెంకటరామమూర్తి పంతులు. ఈ ముడి శాస్త్రసమ్మతం కాదని నాకూ తెలుసు. టెక్కలి దాటి పాతపట్నం దారి పట్టినవాడికి మాత్రం ఇది తప్పదు.

గిడుగు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టాడు. పర్లాకిమిడిలో పంతులుద్యోగం చేస్తూ, చుట్టూ కొండల్లో ఉన్న సవరలు ఏం మాట్లాడుకుంటున్నారో తెలుసుకోవాలని వాళ్ల భాష నేర్చుకున్నాడు. లిపి లేని భాష. పుస్తకం లేదు, నిఘంటువు లేదు, ఉన్నది మనిషి నోరు, పంతులుగారి చెవి. వినాలి, రాసుకోవాలి, మళ్లీ పలికించి వినాలి. ఆ కొండల్లో మలేరియా. మలేరియాకు క్వినైను. ఏళ్ల తరబడి మింగిన క్వినైనుతో చివరికి చెముడు వచ్చి స్థిరపడింది. ధ్వనుల కోసం కొండెక్కినవాడికి చెవులు పోయాయి. ఇంకొకరైతే మానుకునేవారు. ఆయన 1931లో సవర భాష మీద ఇంగ్లీషులో పుస్తకం అచ్చువేయించాడు, తరవాత నిఘంటువు. ఒక మాట ఎలా పలుకుతారో, నాలుక ఎక్కడ తగులుతుందో, ఊపిరి ఎక్కడ ఆగుతుందో అంత పట్టుగా రాసిన మనిషికి ఎదుటివాడు గట్టిగా మాట్లాడితే తప్ప వినపడేది కాదు.

అదే మనిషి తెలుగు పండితుల మీదా పడ్డాడు. జనం మాట్లాడే తెలుగులో పాఠాలు చెప్పండయ్యా అన్నందుకు వాళ్లు ఆయన్ని భాషాద్రోహి అన్నారు. ఆయన తిట్టలేదు. అంతకన్నా పెద్ద పని చేశాడు: వాళ్ల గ్రాంథికాన్ని వాళ్ల వ్యాకరణంతోనే దిద్దాడు. మీరు రాసేదే మీకు రాదు సుమండీ అని తప్పులు ఏరి చూపించాడు. ఆ పుస్తకం పేరు ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం’. భేషజమంటే మందు, తెలుగువాడికి బడాయి. పేరులోనే చురక పెట్టేశాడు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు పోతుంటే, ఆ రాష్ట్రంలో ఉండటం ఇష్టం లేక రైలెక్కి ఊరు విడిచాడు. ఆ బుల్లి రైలు టెక్కలి మీదుగానే నౌపడాకు దిగేది. నౌపడా ఉప్పు మళ్ల పక్కన పెద్ద లైను బండి కోసం దిగి నిలబడి ఉంటాడు, ముఖాన డెబ్బై దాటిన వయసు, చేతిలో ఏముందో తెలియదు, చెవికి ఇంజను కూత ఏ మేరకు చేరిందో తెలియదు. రాజమహేంద్రవరం చేరాడు. అక్కణ్ణుంచి మళ్లీ పర్లాకిమిడిలో కాపురం పెట్టలేదు.

ఎర్రర్ సంగతి ఏమైందని పాఠకుడు అడగబోతున్నాడు. అదే చెబుతున్నాను. గిడుగు పోరాడింది గ్రాంథికంతో అని బళ్లో చెబుతారు. ఆయన పోరాడింది, ఎదుటివాడికి అర్థం కాకపోవడమే తన హోదా అనుకునే అలవాటుతో. ఆ అలవాటు గ్రాంథికం పోయినా పోలేదు. మకాం మార్చి తెరల మీదికెక్కింది.

పాఠాంతరములు. ఈ మూలానికి మా ప్రాంతంలో చాలా ప్రతులు దొరుకుతున్నాయి. "అనివార్య కారణాల వల్ల" అన్నది రైళ్ల ప్రతి. "సర్వర్ డౌను" కౌంటర్ల ప్రతి, ఇది అన్నిటికన్నా సంక్షిప్తం, చేయి అడ్డంగా ఊపడం దీనికి అంగం. "సాంకేతిక కారణాలు" అన్నది వేలిముద్ర యంత్రాల ప్రతి. దీని దగ్గర కొంచెం ఆగాలి. జీడిపిక్కలు ఒలిచే ఆడవాళ్ల వేళ్లు చూశారా? పిక్క తొక్కలోని సొన తగిలి తగిలి చర్మం కాలి, నల్లబడి, గీతలు అరిగిపోతాయి. పలాసలో ఆ చేతుల మీదే పప్పు తెల్లగా బయటకొస్తుంది. ఆ వేలు యంత్రం మీద పెడితే యంత్రం గుర్తుపట్టదు. గుర్తుపట్టలేదని చెప్పదు. ‘టెక్నికల్ ఎర్రర్’ అంటుంది. "అమ్మా, నీ వేలిగీతలు అరిగిపోయాయి, కన్ను చూపించు, దాంతో పనైపోతుంది" అనే ఒక్క మాట ఆ తెర మీద ఉంటే ఆవిడ ఆ పూట కూలి పోగొట్టుకుని మళ్లీ రానక్కర్లేదు. చేతులు కడుక్కుని రమ్మంటారు. ఆవిడ కడుక్కుని వస్తుంది.

కారణం ఎదురుగా కనపడితే మనిషి ఎంతకైనా ఓర్చుకుంటాడు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరితోటలు నేలమట్టమయ్యాయి, రోజుల తరబడి కరెంటు లేదు. ఎందుకు లేదని ఎవరూ అడగలేదు. స్తంభాలు రోడ్డు మీదే పడుకుని ఉన్నాయి.

ఉద్దానంలో ఇంకొక పాఠముంది. దాన్ని పరిహాసానికి వాడుకోను, పక్కన పెట్టడం కుదరదు గనుక చెబుతున్నాను. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కొబ్బరి నీడనా జీడి నీడనా పనిచేసుకునే మనుషుల కిడ్నీలు పాడైపోతున్నాయి. బీపీ, షుగరు లేనివాళ్లవి కూడా. వైద్యులు దానికి సీకేడీయూ అని పేరు పెట్టారు. చివరి ‘యూ’కు అర్థం, కారణం తెలియదు అని. నీళ్లలో సిలికా అన్నారు, భారలోహాలన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో నీళ్లు తాగకుండా గొడ్డుచాకిరీ అన్నారు, నొప్పిబిళ్లలన్నారు. ఇదీ అని తేలలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. హిరమండలం నుంచి వంశధార నీళ్లు గొట్టాల్లో తెచ్చారు. ‘యూ’ మాత్రం ఇంకా పేరు చివర అలాగే ఉంది. నాకు ఆ అక్షరమంటే గౌరవం. వెతికినవాళ్లు దొరక్క, దొరకలేదని పేరులోనే రాసుకున్నారు. తెలియదని చెప్పడానికి ఆ మాత్రం వెతికి ఉండాలి.

నా కంప్యూటరు సంగతి అలాంటిది కాదు. దానికి తెలుసు.

అన్వయము. ఫైలు నాది కాదు. మా వీధిలో జీడి బట్టీలో పనిచేసే ఒకాయన తండ్రి జముకుల కథలో వంతకుడు. ఎప్పుడో జాతరలో ఎల్లమ్మ కథ చెబుతుంటే ఎవరో ఒక్క మైకు పెట్టి క్యాసెట్టు నింపారు. లోపల ఒత్తుకుని ఉండే దూది అట్ట ఊడిపోయింది, రీలు చుట్టడానికి పెన్సిలు పెట్టి తిప్పిన గీతలు చక్రం పళ్ల మీద ఉన్నాయి. దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి ఇచ్చారు. ఈయన దాన్ని పెన్‌డ్రైవులో పట్టుకుని నా దగ్గరికొచ్చాడు.

"ఏటి మేస్టారూ, మా అయ్య పాడడేటి?" అన్నాడు మూలం చూసి.

ముందు లౌకికమైన శంకలు. శబ్దం మ్యూటులో ఉందా? లేదు. అల్సామిక్సర్ తెరిస్తే మూగబోయిన గొట్టం కింద రెండు ‘ఎం’లు కనపడతాయి, అక్కడ అలాంటివేమీ లేవు. శబ్దం స్పీకర్లకు పోకుండా హెచ్‌డీఎంఐ తీగ పట్టుకుని, స్పీకరే లేని మానిటర్లోకి వెళ్లిపోతోందా? లినక్సులో ఇది నిత్యకృత్యం, పాట పరమ సంతోషంగా నడుస్తూ ఉంటుంది, ఎవరికీ వినపడదు. అదీ కాదు. వేరే పాటలు మోగుతున్నాయి. ఇంకొక ప్రోగ్రాం కార్డును పట్టుకుని వదలడం లేదా? అదీ కాదు.

కోడెక్ లేదేమో అనుకుందాం. ప్రబంధాల్లో సుకవిస్తుతి, కుకవినింద ఉంటాయి కదా, లినక్సు పాటల యంత్రాంగమైన జీస్ట్రీమర్‌లోనూ ఉన్నాయి. దాని ప్లగిన్ల కట్టలకు గుడ్, బ్యాడ్, అగ్లీ అని పేర్లు. 1966 నాటి ఇటలీ కౌబాయ్ సినిమా నుంచి తెచ్చుకున్నవి. నాణ్యత బాగుండి పేటెంటు పేచీలున్నవాటిని కురూపుల్లో వేశారు. ఎంపీ3 చాలాకాలం ఆ బంతిలోనే కూర్చుంది, 2017లో దాని లైసెన్సు వ్యవహారం ముగిసేదాకా. గుణవంతుణ్ణి కురూపి అనడం, అదీ కోర్టుకు భయపడి, ఏ ప్రబంధకవీ చేయలేదు. ఇక్కడ దానితో పని పడలేదు. ఫైలు వేవ్. దానికి కోడెక్ అక్కర్లేదు. ‘ఫైల్’ అనే ఆజ్ఞ ఇస్తే పేరు చివరి తోక నమ్మకుండా కడుపులో చూసి చెబుతుంది: వేవ్, 16 బిట్లు, 44,100 హెర్ట్జ్, మోనో.

ఇక పాటల పెట్టెను బొమ్మ నొక్కి కాకుండా టెర్మినల్లోంచి పేరు కొట్టి లేపాను. అప్పుడు మన మూలం కిందనే, తెర మీద ఎన్నడూ చూపించని మూడో వాక్యం బయటపడింది. స్ట్రీమింగ్ ఆగింది, కారణం నాట్-నెగోషియేటెడ్, మైనస్ నాలుగు. అంటే పాట పంపేవాడికీ పుచ్చుకునేవాడికీ బేరం కుదరలేదు. చూశారా? మూలకారుడికి కారణం తెలుసు, దానికి నంబరు కూడా వేసుకున్నాడు. మైనస్ ఒకటంటే అతుకు లేదు, మైనస్ మూడంటే పాట అయిపోయింది, మైనస్ అయిదంటే నిజంగా ఏదో చెడింది. ఇంత వివరంగా లెక్క రాసుకుని, గుమ్మం దగ్గర అడిగినవాడికి మాత్రం ఏదో లోపలి గొడవలే అని చెప్పి పంపేస్తున్నాడు.

బేరం ఎక్కడ చెడిందో ‘ఏప్లే’ చెప్పింది. అది ముసలి పనివాడు, అలంకారాలు తెలియవు. నేరుగా కార్డుకే వాయించమంటే ఒక్క ముక్కలో చెప్పేసింది: నువ్వడిగిన చానళ్ల సంఖ్య ఇక్కడ లేదు. కార్డుకు రెండు చానళ్లు కావాలి, ఎడమా కుడీ. ఈ ఫైల్లో ఉన్నది ఒక్కటే. జాతరలో ఉన్నది ఒక్క మైకే కదా.

మామూలుగా ఇది సమస్యే కాదు. లినక్సు శబ్దానికి గురుపరంపర ఉంది. అడుగున అల్సా, దాని మీద 2004లో పుట్టిన పల్స్ ఆడియో, ఇప్పుడు చాలాచోట్ల దాని పీఠమెక్కిన పైప్‌వైర్. ఎవరైనా ఒంటి చానలును రెండు చేసి చేతిలో పెడతారు. అల్సాలో కూడా ‘హెచ్‌డబ్ల్యూ’ అన్న కార్డు పేరు ముందు ‘ప్లగ్’ చేరిస్తే చాలు, కావలసిన మార్పులు అదే చేసుకుంటుంది. మరి నా పెట్టెలో ఎందుకు చేయలేదు? సెట్టింగుల్లోకి వెళ్లి చూస్తే, దాన్ని కార్డుకు నేరుగా కట్టేసి, మధ్యలో ఏ మార్పూ చేయరాదన్న గడిలో టిక్కు పెట్టి ఉంది. పెట్టిన కుర్రాణ్ణి పిలిచి అడిగాను. "బిట్ పర్ఫెక్ట్ సార్. మజ్జిన ఎవుడూ ముట్టుకోడు" అన్నాడు గర్వంగా.

అర్థమైంది. పెట్టె మడి కట్టుకుంది. రెండు చెవులకూ విడివిడిగా రికార్డు చేసిన శాస్త్రీయమైన సరుకైతే లోపలికి రానిస్తుంది. జాతర మైదానంలో ఒక్క మైకులో పట్టిన జముకుల కథ వస్తే గుమ్మం దగ్గరే ఆపేస్తుంది, ఎందుకు ఆపిందో చెప్పడం కూడా మైల అనుకుంటుంది. జముకు మైల అనే మాట మా ఉద్దానంలో అనాలంటే కాస్త ధైర్యం కావాలి. బొడ్డపాడు గుళ్లో అర్చకుడై ఉండి జముకు చేతబట్టి ఊరూరా కథ చెప్పి, 1969 డిసెంబరులో పోలీసుల చేతిలో ప్రాణం పోగొట్టుకున్న సుబ్బారావు పాణిగ్రాహి ఊరు ఇక్కడికి ఎంతో దూరం లేదు.

టిక్కు తీసేశాను. మోగింది. ముందు బుసబుస, తరవాత జముకు తీగ మీటిన గుబగుబ, ఆపైన కథకుడి గొంతు, దాని వెనక వంత. ఆయన కుర్చీ ముందుకు జరుపుకుని ఒక స్పీకరు దగ్గర చెవి పెట్టాడు, లేచి రెండోదాని దగ్గర పెట్టాడు.

"మా అయ్య ఒక్కుడే గదా మేస్టారూ, రెండు పక్కలా పాడతన్నాడేటి?"

సవరణ పాఠము. మూలంలో దోషమున్నప్పుడు వ్యాఖ్యాత సవరణ సూచించడం సంప్రదాయం. ఈ మూలం చివర ‘సరే’ అని ఒక బొత్తం ఉంది, వ్యాఖ్యాతలెవరూ దాన్ని పట్టించుకోలేదు. దేనికి సరే? పాట మోగనందుకా? ఎందుకో చెప్పనందుకా? వేరే బొత్తం లేదు గనుక అందరం సరే అనే నొక్కుతున్నాం. నా పాఠం ఇది: "ఈ పాటలో ఒక చానలే ఉంది. మీ కార్డు రెండు అడుగుతోంది. మార్చి వాయించమంటారా?" కింద రెండు బొత్తాలు: మార్చు, వద్దు. ప్రోగ్రాము రాసేవాడికి ఇది సాయంత్రం పని. గణాలు కుదరలేదని పండితులు అభ్యంతరం చెబితే, తప్పులు ఏరుకుని రమ్మనండి.